చివరి డజను ఆల్చిప్పలు

ఏప్రిల్ ముప్పై, శనివారం. పొద్దున ఏడు గంటలకు ఎన్నిస్ పట్టణంలో వాన పడడం లేదు. ఇదే పెద్ద శుభశకునమనుకుంది డింప్నా టాల్టీ. వంటింటి బల్ల దగ్గర నిలబడి తన జాబితాను నాలుగోసారి చదువుకుంది. పదింటికి క్విల్టీలో పొగబెట్టిన చేప. పన్నెండున్నరకు లిస్కానర్‌లో వెల్లుల్లి వెన్నలో వేయించిన పీత కాళ్లు. మూడింటికి బాలీవాన్‌లో చేపలూ పాలూ కలిపి కాచే చిక్కటి సూప్. ఐదున్నరకు కిన్వారాలో, నిమ్మకాయ పిండుకుని, డజను ఆల్చిప్పలు. సముద్రం పక్కనే కారు పోనిస్తూ, దారిలో ఏ ఊరి రుచి ఆ ఊళ్లో చూస్తూ ఒక రోజు ప్రయాణం. నాలుగు చోట్లకూ ఫోన్ చేసి, మాలకీ టాల్టీ పేరు మీద అన్నీ సిద్ధంగా ఉంచమని చెప్పేసింది. కాగితం పైన ఎర్ర సిరాతో "మాలకీ! మే నెల రాకముందే!" అని రాసి కింద రెండు గీతలు కొట్టింది.

ఆ గీతలకు కారణముంది. ఆ తీరంలో నాటు ఆల్చిప్పలు ఏప్రిల్‌తో సరి. మళ్లీ సెప్టెంబరు దాకా ఎవరూ వాటి జోలికి పోరు. డింప్నా ఇరవై ఆరేళ్లుగా బడిలో మూడు వందల మంది పిల్లలకు బంగాళాదుంపలు ఉడికించి మెదిపి పెడుతోంది. ఇంటికి వచ్చాక మొగుడికి కూడా అవే మెదిపి పెడుతుంది. ఒక్కసారి తను కుర్చీలో కూర్చుంటే ఇంకెవరో తెచ్చి పెట్టాలని, ఆ పెట్టేది కిన్వారా ఆల్చిప్పలే అయి ఉండాలని ఏడేళ్లుగా ఆవిడ కోరిక. ఏటా ఏదో ఒక అడ్డం. ఒక ఏడు మాలకీ మేనమామ పోయాడు. మరో ఏడు మాలకీకి హర్లింగ్ ఆట అడ్డమొచ్చింది. నిరుడు ఇద్దరూ బయలుదేరి కారెక్కాక మాలకీకి జలుబు చేసింది. ఈసారి గనక తప్పిపోతే తను ఒంటరిగా పోతానని డింప్నా కచ్చితంగా చెప్పేసింది.

వచ్చిన చిక్కల్లా ఎదురింట్లో ఉండే అత్తగారు కాన్సెప్టాతో. షికారని తెలిస్తే ఆవిడ ముందు సీట్లో కూర్చుంటుంది. ఒళ్లో వెండికాగితంలో చుట్టిన పంది మాంసం శాండ్‌విచ్‌లు ఉంటాయి. దారిలో ఏ చుట్టం ఇంటి ముందూ ఆగకుండా పోవడానికి వీల్లేదు. టాల్టీలకు ఆ తీరం పొడుగునా చుట్టాలే. డింప్నా హనీమూన్‌కే ఆవిడ మూడో రోజున "ఇటుగా వచ్చానమ్మా" అని వచ్చి ఎనిమిదో రోజున వెళ్లింది.

అందుకని మాలకీ గురువారం నాడే తల్లికి ఒక అబద్ధం చెప్పి వచ్చాడు. హార్డ్‌వేర్ కొట్లో మేకులు అమ్ముకునే మనిషి, అబద్ధాల్లో అనుభవం తక్కువ.

"అమ్మా, శనివారం మేం లిమరిక్ వెళ్తున్నాం. ఆసుపత్రిలో నాకేవో పరీక్షలట. కంగారు పడాల్సిందేమీ లేదు."

కాన్సెప్టా టీ కప్పు కింద పెట్టింది. శనివారం కూడా డాక్టర్లు వచ్చి పరీక్షలు చేస్తున్నారంటే అవి ఎలాంటి పరీక్షలో ఆవిడకు తెలియదా! పైగా ఆ ఇంట్లో కంగారు పడాల్సిందేమీ లేదన్న మాట చివరిసారి అన్నది మాలకీ తండ్రి. ఆ మాటన్నాక ఆయన మూడు వారాలున్నాడు. ఆవిడ ఏమీ అనకపోయేసరికి తల్లి నమ్మేసిందని మాలకీ సంబరపడ్డాడు. యాభై మూడేళ్లు ఆవిడకు కొడుకై ఉండి అలా ఎలా అనుకున్నాడో అతనికే తెలియాలి.

ఎనిమిదింటికి కారు కదిలింది. కిటికీ తెర వెనక అత్తగారు నిలబడి ఉంది కాబట్టి పడమటికి పోవలసిన కారు దక్షిణంగా లిమరిక్ దారి పట్టింది. కొంత దూరం పోయి, చుట్టు తిరిగి సముద్రం వైపు రావాలి. అందులోనే గంటన్నర పోతుంది.

"జాబితా ఏది?" అంది డింప్నా.

మాలకీ జేబులు తడుముకున్నాడు. "బల్ల మీద వదిలేశాననుకుంటా. వెనక్కి తిప్పనా?"

"వద్దు. నాకు కంఠతా వచ్చు. పోనీ."

సరిగ్గా ఆ సమయంలో కాన్సెప్టా రోడ్డు దాటి, ఎన్నడూ గడియ వేయని వెనక తలుపు తోసుకుని, కొడుకు వంటింట్లోకి వచ్చింది. వాడి పేరున చర్చిలో పూజ చేయించినట్టు ఫాదర్ సంతకం పెట్టిన కార్డు ఒకటి బల్ల మీద పెట్టి, పిల్లికి పాలు పోసి పోదామని ఆవిడ ఉద్దేశం. బల్ల మీద కోడలి చేతిరాత కనబడింది. "మాలకీ! మే నెల రాకముందే!" కింద రెండు ఎర్ర గీతలు. ఆ కింద వరసగా వాడు తినాలనుకుంటున్నవన్నీ, వేళలతో సహా. మే నెల రావడానికి ఒక్క రోజే ఉంది. కాన్సెప్టా కుర్చీలో కూలబడింది. కాసేపయ్యాక లేచి, కారున్న చెల్లెలు అట్రాక్టాకు ఫోన్ చేసింది.

క్విల్టీ చేరేసరికి పదకొండయింది. చేపలకు పొగబెట్టే సెనన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నోట్లోంచి మాట రాని మనిషని పేరు. అలాంటివాడు మాలకీ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని వదల్లేదు.

"మాలకీవి నువ్వేనా నాయనా? భలే ఉన్నావయ్యా. నిజంగా. భలే ఉన్నావు."

మాలకీ నెత్తిన నీళ్లు పోసినట్టయింది. ఆ చుట్టుపక్కల ఒంట్లో బాగున్నవాణ్ణి చూసి ఆ మాట ఎవరూ అనరు. బాగున్నవాడితో వాన గురించి మాట్లాడతారు.

"మేం చెప్పి ఉంచిన చేప..." అంది డింప్నా.

"పొగ కదమ్మా. ఛాతీకి పడదు. ఇదిగో, వేడి పాలు, మెత్తటి రొట్టె. అంచులు కూడా కోసేశాను."

"ఎవరి ఛాతీకి?"

సెనన్ కళ్లు తుడుచుకున్నాడు. "నీ గుండె ధైర్యం మెచ్చుకోవాలమ్మా" అని లోపలికి వెళ్లి, తన వంతుగా ఒక పూజ కార్డు తెచ్చి మాలకీ కోటు జేబులో పెట్టాడు.

కారెక్కి లిస్కానర్ దారి పట్టారు.

"నీకు ఛాతీలో ఏమైనా ఉందా?" అంది డింప్నా.

"పాలు తాగేదాకా ఏమీ లేదు."

"మరి వాడికెందుకు అలా అనిపించింది?"

"నాకేం తెలుసు? ఎవరో వాడి మతి చెడగొట్టి ఉంటారు."

లిస్కానర్‌లో హోటలు నడిపే ఫిడెల్మా వీళ్ల కోసం పొయ్యి పక్కన కుర్చీ వేయించి, దాని మీద రెండు దిళ్లు పెట్టించింది. మాలకీని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టి, మోకాళ్ల మీద దుప్పటి కప్పింది. తర్వాత ఒక గిన్నెలో కోడి చారు తెచ్చింది. అందులో కోడి జాడ లేదు, ఉప్పు జాడ కూడా లేదు. పక్క బల్ల మీంచి ఒక పిల్ల రెండు పెద్ద పళ్లేలు తీస్తోంది. వాటి నిండా ఒలిచేసిన పీత పెంకులు. వెల్లుల్లి వెన్న వాసన ఇంకా గాలిలోనే ఉంది. డింప్నా ఆ పళ్లేల వెంటే చూస్తూ ఉండిపోయింది.

"పీత కాళ్లు మేం కూడా చెప్పాం కదండీ. ఫోన్లో."

"చెప్పారమ్మా. అయిపోయాయి."

"ఆ బల్ల మీద ఎవరు తిన్నారు?"

"ఇద్దరు పెద్దవాళ్లు. పాపం, వాళ్ల కష్టం వాళ్లది." ఫిడెల్మా డింప్నా చెవి దగ్గర వంగింది. "నువ్వు బయటికి వెళ్లి కాసేపు ఏడ్చుకుని రా తల్లీ. ఆయన్ని నేను చూసుకుంటాను."

ఏడవడానికి కారణమేమిటో తెలియకపోయినా డింప్నాకు నిజంగానే ఏడుపొచ్చింది. పీత కాళ్ల కోసం. అది చూసి హోటల్లో మిగతా వాళ్లు తలలు దించుకున్నారు.

బాలీవాన్‌లో సూప్ మాట ఎత్తితే, పాలలో ఉడికించిన అన్నం ఇచ్చారు. మూలన కూర్చుని భోంచేస్తున్న ముసలి ఫాదర్ ఒకాయన తన ప్లేటు తీసుకుని మెల్లగా వీళ్ల బల్ల దగ్గరికి జరిగి, మాలకీ మనసులో ఏమైనా ఉంటే చెప్పుకోవచ్చన్నాడు. మాలకీ కంగారులో, చిన్నప్పుడు క్విల్టీలో చుట్టాలింటికి వచ్చి సెనన్ వాళ్ల నాన్న తోటలో ఆపిల్ పళ్లు దొంగిలించిన సంగతి చెప్పేశాడు.

కారెక్కేసరికి అతనికి నిజంగానే ఒళ్లు వెచ్చబడినట్టుంది. నడుమూ పట్టేసింది.

"డింప్నా, ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. ఆసుపత్రి వాళ్లు నీకేమైనా చెప్పారా?"

"మనం ఆసుపత్రికి వెళ్లనే లేదు కదా మాలకీ!"

"అదే నేననేది. వెళ్లి ఉంటే బాగుండేదేమో."

"నీకేం రోగం లేదు!"

"ఈ తీరమంతా ఒక మాట మీదుంది. నువ్వొక్కదానివే లేదంటున్నావు. ఎవరిని నమ్మను చెప్పు?"

డింప్నా అతని వైపు పరికించి చూసింది. ఒక పక్క మొగుడి మొహం నిజంగానే పాలిపోయి కనిపిస్తోంది. ఇంకో పక్క గడియారం నాలుగున్నర చూపిస్తోంది. పొద్దుట్నుంచీ ఆవిడ కడుపులో పడింది అంచులు కోసిన రొట్టె ఒక్కటే. ఏమైనా కానీ, ముందు ఆ పన్నెండు ఆల్చిప్పలు తిని, తర్వాత కావాలంటే నిజంగానే లిమరిక్ తీసుకుపోదామనుకుని, స్టీరింగ్ తనే తీసుకుంది.

కిన్వారా రేవు పక్కన ఆ పాత పబ్బు ముందు ఒక చిన్న ఎర్ర కారు ఆగి ఉంది. ఎక్కడో చూసినట్టుందనుకుంది గానీ ఆగి ఆలోచించే ఓపిక డింప్నాకు లేదు. సరాసరి లోపలికి పోయి కౌంటరు మీద రెండు చేతులూ పెట్టింది.

"టాల్టీ పేరు మీద డజను ఆల్చిప్పలు."

పబ్బు యజమాని ఫెస్టస్ ఆవిణ్ణీ, వెనక గోడ పట్టుకుని వస్తున్న మాలకీనీ చూసి టోపీ తీశాడు.

"అమ్మా, పచ్చి సరుకు. ఆ స్థితిలో ఉన్న మనిషికి పెట్టి పాపం కట్టుకోలేను."

"ఆయనకొద్దు. నాకు పెట్టండి."

"ఆయన ముందు కూర్చుని తింటావా తల్లీ?" అన్నాడు ఫెస్టస్, నిజంగా నొచ్చుకుని. "అయినా అవి లేవు. ఈ ఏటికి అవే ఆఖరు. గంట కిందట ఒక పెద్దావిడకు పెట్టేశాను. చెట్టంత కొడుకును పోగొట్టుకోబోతోంది. ఆవిడ దుఃఖం చూడలేకపోయాను."

కౌంటరు పక్కన చెక్క గోడల చిన్న గది ఒకటుంది. అందులోంచి, "నిమ్మకాయ ఇటు జరుపు అట్రాక్టా" అని వినబడింది.

డింప్నా ఆ గది తలుపు తీసింది. బల్ల మీద మంచు పళ్లెం. అందులో పదకొండు ఖాళీ చిప్పలు. రెండు గ్లాసుల్లో నల్ల బీరు అడుక్కి వచ్చింది. పన్నెండో ఆల్చిప్ప కాన్సెప్టా చేతిలో, పెదవుల దగ్గర ఉంది. కొడుకును చూడగానే ఆవిడ ఉలిక్కిపడి దాన్ని గుటుక్కున మింగేసి, అప్పుడు బావురుమంది.

"ఒరే నాన్నా! నాకు తెలిసినట్టు నీకు తెలియకూడదనుకున్నాన్రా! అందుకే ప్రతిచోటా మీకంటే ముందే వచ్చి, వాడికి అరిగేదే పెట్టండి బాబూ, ఏమీ అడక్కండి అని చెప్పుకుంటూ వచ్చాను!"

"మరి ఇది?" డింప్నా చెయ్యి పళ్లెం మీద ఉంది.

"చెప్పి ఉంచిన తిండి పారబోయిస్తామా తల్లీ? ఒక్కో ముద్దా వాడి పేరు తలుచుకునే మింగాను."

"పీత కాళ్లయితే మాత్రం..." అని మొదలుపెట్టింది అట్రాక్టా.

"నువ్వుండవే."

మాలకీ కుర్చీలో కూర్చుని, టోపీ చేతుల్లో నలుపుతూ, మొత్తం చెప్పేశాడు. ఆసుపత్రి లేదు, పరీక్షలు లేవు, షికారొకటే ఉంది.

కాన్సెప్టా ఏడుపు ఆగింది. "అంటే నీకేం లేదా?"

"ఏం లేదమ్మా."

"అసలేం లేదా?"

ఆ గొంతులో కాస్త నిరాశ వినిపించిందని డింప్నా ఇప్పటికీ అంటుంది. మరుక్షణం ఆవిడ చేతిసంచీతో కొడుకు భుజం మీద ఒక్కటిచ్చుకుంది.

"రేపు పదకొండింటి పూజలో నీ పేరు చదువుతార్రా! సెనన్ నా ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు! నువ్వు సోమవారం పొద్దున మేకులు తూస్తూ కనబడితే నేను ఊళ్లో మొహం ఎక్కడ పెట్టుకోను? రెండు వారాలు మంచం దిగడానికి వీల్లేదు. ఆ తర్వాత మెల్లగా కోలుకుందువుగాని."

అతను ఒప్పుకున్నాడు. నిజానికి ఆ పూటకు అతనికీ పడుకోవాలనే ఉంది. అప్పుడు గానీ కాన్సెప్టా కోడలి మొహం వైపు చూడలేదు. "పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు, పాపం" అని సంచీలోంచి వెండికాగితపు పొట్లం తీసి ఇచ్చింది. డింప్నా పదకొండు చిప్పల ఎదురుగా కూర్చుని, పన్నెండోది అత్తగారి చేతిలో ఉండగానే, పంది మాంసం శాండ్‌విచ్ తింది. జీవితంలో ఏ తిండినీ అంత కసిగా నమల్లేదు.

మర్నాటి నుంచి రెండు వారాలు, ఏ రోగమూ లేని మొగుడికి మేడ మీదకు మెదిపిన బంగాళాదుంపలు మోసింది. చూడవచ్చిన వాళ్లకు టీలు కాచింది. కాన్సెప్టా మాత్రం ఊళ్లో తల ఎత్తుకుని తిరిగింది. ఆవిడ ప్రార్థనల బలం వల్లే కొడుకు లేచి తిరుగుతున్నాడని లిస్కానర్ దాకా అందరూ చెప్పుకున్నారు.

సెప్టెంబరు వచ్చింది. మొదటి గురువారం సాయంత్రం డింప్నా రోడ్డు దాటి అత్తగారింటికి వెళ్లింది. కాన్సెప్టా పేపర్లో మరణవార్తల పేజీ చదువుతోంది.

"అత్తయ్యా, శనివారం నేను ఒక్కదాన్నే లిమరిక్ వెళ్తున్నాను. ఆసుపత్రిలో నాకేవో పరీక్షలట. కంగారు పడాల్సిందేమీ లేదు."

"మంచిదమ్మా" అంది కాన్సెప్టా పేజీలోంచి తలెత్తకుండా. "వచ్చేటప్పుడు పాలు తీసుకురా."

శనివారం నాడు ఏ కిటికీ తెర వెనకా ఎవరూ లేరు. డింప్నా చుట్టు తిరగకుండా తిన్నగా కిన్వారా వెళ్లింది. భలే ఉన్నావని ఎవరూ అనలేదు. ఫెస్టస్ వాన గురించి మాట్లాడాడు. నిమ్మకాయ పిండుకుని, ఒక్కొక్కటే, ఎవరి పేరూ తలుచుకోకుండా పన్నెండూ తింది.

వచ్చేటప్పుడు పాలు కూడా తెచ్చింది.