కొహరు మాట, నాన్న రాత

దోజున్ స్వామికి ధ్యానంలో కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. గుడి బోర్డు ముందు నిలబడితే బుర్ర తిమ్మిరెక్కుతుంది.

ఆ జెన్ గుడి గుమ్మం పక్కన అద్దాల తలుపుల బోర్డు ఒకటుంది. నెలకో మంచిమాట కుంచెతో పెద్ద అక్షరాల్లో రాసి అందులో పెట్టాలి. దారిన పోయేవాళ్లు ఆగి, చదివి, కాస్త తేలికపడి వెళ్లాలి. మామగారి నలభై ఏళ్ల హయాంలో అలాగే ఆగేవారు. ఇల్లరికం వచ్చిన దోజున్ హయాంలో సైకిళ్లు ఆనించుకోడానికి ఆగుతున్నారు.

"కోపం మంచిది కాదు. ఓర్పు అలవరచుకోండి" అన్న కాగితం మూడు నెలలుగా అక్కడే ఉండి పసుపుబారింది.

చివరికి గుడి సంఘం పెద్ద, సోయాగింజల ముద్ద మిసో అమ్మే దుకాణం కురోకావా గారు, పొట్టని ముందు పంపి వెనకాల తాను వచ్చాడు. ఆయన ఆకారాన్ని బట్టి దోజున్ భార్య సుమిరె ఆయనకి 'ఊరగాయ జాడీ' అని పేరు పెట్టింది, ఇంట్లో మాత్రమే.

"స్వామీ, మీ బోర్డు చదివి మా ఆవిడకి కోపమొచ్చింది" అన్నాడు జాడీ. "శరత్కాలంలో మూలమఠం పెద్దస్వామి మన గుడికొస్తున్నారు. అప్పటికీ ఇంతే అయితే కుంచె మళ్లీ మీ మామగారికే ఇచ్చేద్దాం."

ఇల్లరికపు అల్లుడికి ఆ మాట ముందున్న గిన్నె లాగేసినట్టే. వారం రోజులు అతను గ్రంథాలన్నీ తిరగేశాడు. తుమ్ములు తప్ప ఏమీ రాలేదు.

ఎనిమిదో రోజు పొద్దున్న నాలుగేళ్ల కూతురు కొహరు అన్నం గిన్నె ముందు బొమ్మలా కూర్చుంది.

"తినవేమే?" అంది సుమిరె.

"నేను లేచానమ్మా. నా పొట్ట ఇంకా లేవలేదు."

దోజున్ చేతిలో అన్నం తినే పుల్లలు గాల్లోనే ఆగిపోయాయి. తినడం వదిలేసి సిరా నూరడానికి పరిగెత్తాడు.

"ఏమండీ, అది పిల్ల మాట కదా!"

"పిల్ల నాది. మాట ఎవరిదవుతుందేం?"

"పిల్లని కన్నది నేను. అలా చూస్తే మాట ఎవరిదవుతుందో?"

అతను వినిపించుకోలేదు. సాయంత్రానికి బోర్డు ముందు పదిమంది పోగయ్యారు. "శరీరం లేస్తే చాలదు, లోపలివాడు లేవాలన్నమాట!" అని పోస్టుమాన్ వ్యాఖ్యానం చెప్పాడు. ఎవరూ సైకిలు ఆనించలేదు.

రుచి మరిగాక ఆగుతాడా? నెలకో మాట కాస్తా వారానికో మాట అయింది. పక్కలు దాచుకునే అలమరలో దాక్కుని కొహరు "నేనిక్కడ లేను, వేరేచోట వెతుకు" అని అరిస్తే, అదీ బోర్డెక్కింది. రిటైరైన బడిపంతులు దాని ముందు అరగంట నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. వాన ఎటు పోతోందని తాత అడిగితే, "ఎటూ పోవట్లేదు తాతా, ఇక్కడికే వచ్చింది" అంది. ఆ వారం జాడీ స్వయంగా ఓ కుండ మిసో తెచ్చి వంగి వంగి నమస్కారం పెట్టాడు. వంగినంతవరకూ.

"ఎలా వస్తాయి స్వామీ ఇలాంటివి?"

"సాధన" అన్నాడు దోజున్, కళ్లు సగం మూసి. మామగారు టీ తాగుతూ దగ్గారు. ఆయనకి చెవుడు. ఎప్పుడు వినపడుతుందో ఎప్పుడు వినపడదో ఆయన ఇష్టం.

దోజున్ ఇప్పుడు అంగీ మడతలో చిన్న పుస్తకం పెట్టుకుని పిల్ల వెనకే తిరుగుతున్నాడు. కొహరు నోరు తెరిస్తే చాలు, పుస్తకం తెరుచుకుంటుంది. అది గమనించనంత అమాయకురాలా? నాన్న ఏదో మంచి పని చేస్తున్నాడు, తనూ సాయపడాలనుకుంది. చాప మీద మఠం వేసుకుని, కళ్లు సగం మూసి, గొంతు బొంగురు చేసి అంది:

"కోపం మంచిది కాదు. ఓర్పు అలవరచుకోండి."

సుమిరె వంటింట్లో గరిట వదిలేసి నవ్వింది. "రాసుకోరేం? అచ్చం సాధన చేసినట్టే ఉంది."

అంతటితో ఊట ఆగిపోయింది. ఎర్రబీన్స్ మిఠాయి పెట్టి అడిగితే, "అత్యాశ దుఃఖానికి మూలం" అని మిఠాయి తినేసింది.

పెద్దస్వామి వచ్చే రోజు రానే వచ్చింది. బోర్డు ఖాళీ. పొద్దున్నే దోజున్‌కి ఓ ఆలోచన తట్టింది. పిల్ల బొమ్మలతో ఆడుకునేటప్పుడు తన గొంతుతోనే మాట్లాడుతుంది కదా! కాగితం తలుపు ఇవతల నక్కి, చెవి ఆనించాడు. వినపడలేదు. ఇంకొంచెం ఆనించాడు. చర్రుమని కాగితం చిరిగి, తల అవతల గదిలో, ఒళ్లు వరండాలో తేలాయి. చెక్క చట్రం మెడకి పట్టేసింది.

బొమ్మలూ కొహరూ అతన్నే చూస్తున్నారు. సుమిరె వచ్చింది.

"ఏం చేస్తున్నారండీ?"

"ఏం చెయ్యను? ఇటు రాలేను, అటు పోలేను. కాస్త టీ ఇయ్యి."

సుమిరె టీ ఇచ్చింది, చట్రం ఊడదీసింది, "ముందు గుండు మీద జిగురు కడుక్కు రండి, బోర్డు సంగతి నే చూస్తాలే" అంది. అతను కడుక్కుని వచ్చేసరికే గుమ్మంలో పెద్దస్వామి పకపకా నవ్వుతున్నారు. ఎనభై ఏళ్ల మనిషి, జాడీ భుజం పట్టుకుని మరీ నవ్వుతున్నారు.

"అరవై ఏళ్లు కూర్చున్నాను నాయనా, ఈ మాట నా నోట రాలేదు! ఇది నీదేనా?"

బోర్డు మీద ఏముందో దోజున్‌కి ఆయన అడ్డొచ్చి కనపడలేదు. అయినా అలవాటు కొద్దీ కళ్లు సగం మూశాడు.

"అవునండీ. ఎన్నాళ్లో ధ్యానం చేస్తే..."

"నాన్నదే!" అంది కొహరు సంబరంగా. "పొద్దున్న తలుపులో తల ఇరుక్కుపోయి అన్నాడు. ఇదొక్కటే నాన్నది. ముందువన్నీ నావి."

పెద్దస్వామి పక్కకి జరిగారు. సుమిరె గుండ్రటి అక్షరాలు బోర్డులోంచి పలకరించాయి: "ఇటు రాలేను. అటు పోలేను. కాస్త టీ ఇయ్యి."

దోజున్ గుండు బీట్‌రూట్ అయింది. పెద్దస్వామి తలుపులో కన్నం చూస్తానని పట్టుబట్టి లోపలికెళ్లి, అందులోంచి తనే తల పెట్టి చూశారు.

మామగారు అల్లుడి చెవిలో మెల్లగా అన్నారు, "నా నలభై ఏళ్ల మాటల్లో మంచివన్నీ మీ ఆవిడ చిన్నప్పటివేనోయ్. కాకపోతే నేను తలుపు వెనక నక్కలేదు. పక్కన కూర్చుని ఆడుకున్నాను."

సంఘం తీర్పు వెంటనే వచ్చింది. కుంచె అల్లుడి దగ్గరే ఉండవచ్చు. కానీ ఇకమీదట కాగితం అడుగున ఎవరి మాటో పేరు వెయ్యాలి, మాట ఏరే పని సుమిరె గారిది.

మర్నాడు దోజున్ బుద్ధిగా కూర్చుని కొత్త కాగితం రాశాడు. మాట: కొహరు. ఏరినది: సుమిరె. అంతటితో కాగితం అయిపోయింది.

"మరి నా పేరు?" అన్నాడు దీనంగా.

కొహరు కాగితాన్ని చూసింది, నాన్నని చూసింది. "పేరెందుకు నాన్నా? నువ్వే ఉన్నావు కదా."

దోజున్ కుంచె కింద పెట్టేశాడు.

"వచ్చే వారానిది దొరికిందండీ" అంది సుమిరె. "సిరా నూరండి."