టకటకలాడే కీబోర్డే వరం!

ఇంట్లో టకటకలాడే మెకానికల్ కీబోర్డు లేనివాళ్ళని చూస్తే నాకు జాలి. ఉండి కూడా ఆ చప్పుడు భరించలేకపోతున్నామని మొత్తుకునేవాళ్ళని చూస్తే కోపం. సుఖం తనంతట తాను వచ్చి ఒళ్ళో కూర్చుంటే దులిపేసుకునేవాళ్ళని ఏమనాలి?

నేను మాటకారిని కాను. రోజుకి నాలుగు మాటలు, అవీ పొట్టివి. కానీ ఈ విషయంలో మాత్రం ఊరుకోను. ఈ మధ్య మా ఇంట్లో టకటకల కీబోర్డుని సాగనంపి, కిక్కురుమనని వైర్‌లెస్ కీబోర్డుని తేవాలని కుట్ర జరిగింది. ఆపడానికి నా చేతనైనంతా చేశాను. ఏం చేశానో వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం?

నా పేరు ఆనందబాబు. మూడో తరగతి దాకా చదివాను. నాలుగో తరగతికీ నాకూ పరిచయం కాలేదు. ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో, దుప్పట్లు ఉతికే మిషన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు. సైగలతోనే సర్వీసంతా గడిచిపోయింది.

ఇంటికొస్తే నా వంతు మాటలు కూడా మా ఫ్లోరాయే మాట్లాడేది. “మీ డాడీకి కూరలో ఉప్పు తక్కువైందంటరా” అని నేను అనని మాట కూడా కొడుక్కి అందించేది. వాడు నాకు చెప్పాలనుకున్నదీ ఆవిడ ద్వారానే వచ్చేది. ఆవిడ ప్రభువునందు నిద్రించాక ఆ ఉద్యోగం అలా ఖాళీగానే ఉంది. ఇంకా ఎవరినీ తీసుకోలేదు.

ఇప్పుడు నోయిడాలో కొడుకు ఫెలిక్స్ దగ్గర ఉంటున్నాను. వాడు సాఫ్ట్‌వేరు. పొద్దున్నుంచీ ఆఫీసు పని, ఆ తర్వాత అదే కుర్చీలో, అదే బల్ల మీద, అదే కీబోర్డుతో తుపాకుల ఆట. పనికీ ఆటకీ తేడా ఏమిటంటారా? పని చేసేటప్పుడు మొహం వేలాడుతుంది, ఆడేటప్పుడు పళ్ళు బిగుసుకుంటాయి. అంతే! కోడలు షెరిన్ నర్సు. ఎక్కువగా నైట్ డ్యూటీలే. పొద్దున వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాటాకే లేస్తుంది.

పోయిన చలికాలం ఫెలిక్స్ ఓ కీబోర్డు కొన్నాడు. దాంట్లో ఉన్నవి నీలం స్విచ్చులట. మామూలు కీబోర్డులో మీట నొక్కితే నొక్కినవాడి వేలికి తెలుస్తుంది. దీంట్లో మా అపార్ట్‌మెంటు టవరు మొత్తానికి తెలుస్తుంది. అప్పట్లో వాడి బల్ల బెడ్‌రూమ్‌లో ఉండేది. మొదటి రోజే షెరిన్ మంచం మీద లేచి కూర్చుంది.

“ఫెలిక్స్, ఈ గదిలో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి.”

ఆ పూటే బల్ల, కుర్చీ, కీబోర్డు, వాటితో పాటు మా వాడూ నా గదిలోకి వచ్చేశారు. కీబోర్డు చేసిన మొదటి ఉపకారం అది. మిగతావి వినండి.

మా బాల్కనీలో పావురాల బెడద. వల కట్టించాం, చించుకుని వచ్చాయి. ప్లాస్టిక్ గుడ్లగూబని పెట్టాం, దాని నెత్తి మీదే గూడు కట్టాయి. ఫెలిక్స్ నా గదిలో ఆట మొదలెట్టాక ఒక్క పావురం వాలితే ఒట్టు! కట్టిన గూడు కూడా వదిలేసి పక్క టవరుకి కాపురం మార్చేశాయి.

కింది ఫ్లాటు కమలాకుమారిగారిది రాజమండ్రి. అంతవరకు లిఫ్టులో ఎదురుపడితే తల ఊపుకునేవాళ్ళం. ఓ రోజు ఆవిడే పలకరించింది. “ఏవండీ అంకుల్, మీ ఇంట్లో రోజూ వేరుశెనగలు వేయిస్తారా? ఒకటే చిటపటలు!” నాకు వివరంగా చెప్పే అలవాటు లేక “ఊఁ” అన్నాను. మర్నాడు ఖాళీ గిన్నె పంపించింది! మార్కెట్‌కి వెళ్ళి, వేయించిన వేరుశెనగలు కొనుక్కొచ్చి నింపి ఇచ్చాను. ఇప్పుడు ఆ గిన్నె వారం వారం వస్తోంది. ఇరుగుపొరుగుతో స్నేహం పెరిగిందా, లేదా?

ఆరోగ్యం సంగతి చెప్పనే లేదు. ఆటలో చచ్చిపోయినప్పుడల్లా వాడు పొడుగు మీట మీద ఒక గుద్దు గుద్దుతాడు. ఆ గుద్దుకి నాకు బీపీ మాత్ర గుర్తొస్తుంది. ఏ అలారం ఇంత శ్రద్ధగా మోగుతుంది చెప్పండి?

అన్నింటికంటే పెద్ద లాభం ఇంకోటి. చప్పుడు వింటే చాలు, కొడుకు సమాచారం అంతా తెలిసిపోతుంది! గబగబా టకటకటక, కాసేపు ఆగడం, తర్వాత ఒకే మీట మీద టక్ టక్ టక్ టక్... రాసిందంతా చెరిపేస్తున్నాడన్న మాట. అంటే మేనేజరుకి రాస్తున్నాడు. ఎడమ చేతి కింద నాలుగు మీటలే దడదడలాడితే ఆట. ఏమీ మోగకపోతే మీటింగు. మోగకుండా నిట్టూర్పు వినిపిస్తే పెద్ద మీటింగు. ఇన్ని కబుర్లు ఏ కొడుకైనా తండ్రికి నోటితో చెబుతాడా?

ఇలా హాయిగా సాగిపోతుంటే, ఓ రోజు ఫెలిక్స్ హెడ్‌ఫోన్స్ మెడలోకి దించి అన్నాడు: “డాడీ, నా వల్ల నీకు రెస్ట్ లేకుండా పోతోంది యార్. సైలెంట్ కీబోర్డు తీసుకుని మళ్ళీ బెడ్‌రూమ్‌కి షిఫ్ట్ అయిపోతా. ఠీక్ హై?”

ఠీక్ కాదు అనడానికి ఎంతసేపు? కానీ ఆ మాట గొంతు దాకా వచ్చేలోపు వాడు హెడ్‌ఫోన్స్ పెట్టేసుకున్నాడు.

ఇక ఎంపిక మొదలైంది. అయ్యలారా, పెళ్ళికి కూడా వాడు ఇంత ఆలోచించలేదు. షెరిన్‌ని చర్చిలో ఒక్కసారి చూసి ఊఁ అన్నాడు. కీబోర్డు దగ్గరికొచ్చేసరికి ఏదీ నచ్చదు! ఆఫీసు ల్యాప్‌టాప్‌కి బ్లూటూత్ చాలు. ఆటకి బ్లూటూత్ రెప్పపాటు ఆలస్యమట, ఆ రెప్పపాటులోనే వీడు చచ్చిపోతాడట, కాబట్టి డాంగిల్ అని కంప్యూటరుకి గుచ్చే గోరంత ముక్క ఉండాలి. రంగుల లైట్లుంటే బ్యాటరీ తినేస్తాయి. లైట్లు లేకపోతే ఆడుతున్నట్టే ఉండదు. అంకెల మీటలుంటే బల్ల చాలదు. అంకెలు లేకపోతే ఆఫీసు సాగదు.

యూట్యూబులో కీబోర్డు చప్పుళ్ళు వినడానికే ప్రత్యేకంగా వీడియోలున్నాయి, తెలుసా? ఒకడు కూర్చుని మీటలు కొడుతుంటాడు. వేలమంది కళ్ళు మూసుకుని వింటారు. “వాన పడుతున్నట్టుంది, మనసు తేలికైపోయింది” అని కింద రాస్తారు. నేను మా లాండ్రీ మోత రికార్డు చేసుకుని ఉంటే ఈపాటికి ఎంతమంది మనసులు తేలికపడేవో!

ఓ ఆదివారం మేం చర్చి నుంచి రాగానే కిరీటి వచ్చాడు. ఫెలిక్స్ ఆఫీసు స్నేహితుడు, వరంగల్ కుర్రాడు, కీబోర్డుల పిచ్చి. సంచీ నిండా రకరకాల కీబోర్డులు మోసుకొచ్చి నా మంచం మీద పరిచాడు.

“అరె ఫెలిక్స్, యూట్యూబ్ల చూస్తె ఏం తెలుస్తదిరా? మనిషి మీద టెస్ట్ చెయ్యాలె. అంకుల్, మీరు జర పండుకోండ్రి. మేం ఒక్కొక్కటి కొడ్తం. ఏది కొట్టినప్పుడు మీరు లేవరో, గదే షెరిన్ నిద్రకు మంచిది.”

ఆసుపత్రిలో చిన్న కోతకైనా ముందు సంతకం తీసుకుంటారు. నన్ను మాత్రం అడిగినవాళ్ళు లేరు. కోడికూరతో భోజనం పెట్టి పడుకోబెట్టారు.

నాకప్పుడు ఓ ఆలోచన వచ్చింది. తప్పా ఒప్పా మీరే చెప్పండి.

మొదట సైలెంట్‌ది కొట్టారు. నిజంగా ఏమీ వినపడలేదు. దిగ్గున లేచి కూర్చుని “ఎవరదీ?” అన్నాను. రెండోది కూడా మెత్తనిదే. దగ్గి, మూలిగి, అటు తిరిగి పడుకున్నాను. చివరికి మా పాత నీలం స్విచ్చులది తెచ్చి, చెవి పక్కనే పెట్టి దడదడలాడించారు. పుర్రె అదిరిపోయింది. అయినా గురక పెట్టాను. ఆగకుండా, తాళం తప్పకుండా పెట్టాను!

“గిదేం విచిత్రంరా నాయనా!” అన్నాడు కిరీటి. “అంకుల్‌కు సైలెంట్‌దే లౌడ్‌గ ఇనబడ్తుంది!”

“డాడీ లాండ్రీలో చేశాడు కదా,” అన్నాడు ఫెలిక్స్. “మోత ఉంటేనే నిద్ర పడుతుందేమో. పాపం, ఇన్నాళ్ళూ నాకు తెలీలేదు.”

అప్పుడే షెరిన్ టీలు పట్టుకుని వచ్చింది. చేదు మందు తప్పించుకోవడానికి నిద్ర నటించే రోగులని రోజూ చూసే మనిషి. కప్పులు బల్ల మీద పెట్టి, నాడి చూస్తున్నట్టు నా చెయ్యి పట్టుకుని, చెవి దగ్గరికి వంగింది.

“మావయ్యా, నిద్రపోయేవాళ్ళు కాలి బొటనవేలు ఆడించరు.”

బొటనవేలు ఆపేశాను. ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొత్తది కొనే మాట అప్పటికి వాయిదా పడింది. మర్నాడు చూస్తే నా దిండు పక్కన దూది చుట్ట ఉంది.

దూది చెవుల్లో పెట్టుకుంటే ఆహా, స్వర్గం! చప్పుడు ఉండనే ఉంటుంది, నాకు వినపడదు. పావురాలు రావు, కొడుకు పోడు. పడుకుని చూస్తే వాడి వీపు కనిపిస్తుంది. కొట్టీ కొట్టీ అలసిపోతే ఒళ్ళు విరుచుకోవడం, అచ్చం వాళ్ళమ్మలాగే జుట్టులోకి వేళ్ళు పోనివ్వడం, అన్నీ కనిపిస్తాయి. ఒక మనిషికి ఇంకేం కావాలి?

అలా ఉండగా ఓ మధ్యాహ్నం వాడు కుర్చీ నా వైపు తిప్పాడు. హెడ్‌ఫోన్స్ తీశాడు. పెదాలు కదిలాయి. ఏదో అడుగుతున్నాడు! ఎన్నాళ్ళకు! నా చెవుల్లో దూది. ‘ఏమిట్రా?’ అనొచ్చు కదా? దూది తీసి వినొచ్చు కదా? అలవాటు కొద్దీ “ఊఁ” అన్నాను. వాడు బొటనవేలు పైకెత్తి చూపించి, మళ్ళీ అటు తిరిగిపోయాడు.

అడిగిందేమిటో భోజనాల దగ్గర బయటపడింది. “డాడీ, నీకేం ఇబ్బంది లేదంటే ఆ సైలెంట్‌దే ఆర్డర్ పెట్టేస్తా, పెట్టెయ్యనా?” అన్నాడట. ఎసరు నేనే పెట్టుకున్నాను. నిప్పు కూడా నేనే రాజేసుకున్నాను.

పార్సిల్ వచ్చే రోజు పొద్దున ఇంటర్‌కమ్ మోగింది. ఫెలిక్స్ హెడ్‌ఫోన్స్‌తో మీటింగులో ఉన్నాడు. నేనే తీశాను. గేటు దగ్గర గార్డు, పార్సిల్ పైకి పంపనా అని.

“అంకల్‌జీ, ఫెలిక్స్ భయ్యా కా పార్సల్ ఆయా హై. ఊపర్ భేజ్ దూఁ?”

ఢిల్లీలో ఇన్నేళ్ళుగా కూడబెట్టిన హిందీ అంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

“నహీ భయ్యా! వాపస్ భేజో! యే డబ్బా ఆయేగా తో మేరా బేటా మేరే కమ్రే సే చలా జాయేగా. సమ్‌ఝే?”

అక్కడితో ఆగలేదు. ఆ డబ్బా పైకొస్తే నా కొడుకు నా గదిలోంచి వెళ్ళిపోతాడనీ, వాడి వీపైనా కనపడకపోతే పొద్దు గడవదనీ, నీకూ ఓ తండ్రి ఉంటాడు కదా బాబూ అనీ, హిందీ అయిపోయాక తెలుగులోకి కూడా దిగిపోయాను. అవతల నుంచి ఆడగొంతు వినిపించింది.

“మావయ్యా, నేను. డ్యూటీ నుంచి వచ్చి ఇక్కడే గేటు దగ్గరున్నాను. వీళ్ళు స్పీకర్‌లో పెట్టారు. పార్సిల్ నేను తెస్తున్నా. ఫోన్ పెట్టెయ్యండి.”

షెరిన్ పైకి వచ్చింది. నా మొహం కేసి చూడలేదు, అంతవరకు అదృష్టవంతుణ్ణి. ఫెలిక్స్ డబ్బా విప్పి, మీటలు నొక్కి, చప్పుడు రాకపోవడం చూసి మురిసిపోయాడు. వెంటనే బల్ల కింద దూరి ప్లగ్గులు పీకడం మొదలెట్టాడు.

“ఎక్కడికి?” అంది షెరిన్.

“బెడ్‌రూమ్‌కి. సైలెంట్ కదా యార్.”

“కీబోర్డు సైలెంటే. నువ్వు సైలెంటా? ఆటలో చచ్చినప్పుడల్లా ‘అబే యార్’ అని అరుస్తావ్. నీ కుర్చీ కుయ్యోమంటుంది. నాకు నిద్ర కావాలి బాబూ. బల్ల ఎక్కడుందో అక్కడే ఉండనీ.”

“మరి డాడీకి?”

“డాడీకేం కాదు. బొటనవేలు ఆడుతున్నంతసేపూ ఆయన బాగానే ఉన్నట్టు.” ఆవిడ వెళ్ళి తలుపేసుకుని పడుకుంది.

నేను గెలిచాననుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు గదిలో చప్పుడు లేదు. కొత్త కీబోర్డు పని చేస్తోందో లేదో కూడా తెలియనంత నిశ్శబ్దం. మేనేజరుకి రాస్తున్నాడో, తుపాకీ పేలుస్తున్నాడో పోల్చుకోలేకపోతున్నాను. దూదికి పని పోయింది. ఫ్యాను తిరగడం వినపడుతోంది. నేను గుటక వేస్తే వాడికి వినపడుతోంది. నిన్న హెడ్‌ఫోన్స్ తీసేసి, కుర్చీ నా వైపు తిప్పాడు.

“డాడీ.”

“ఊఁ.”

“కుఛ్ నహీ, ఏం లేదు... టీ తాగుతావా?”

“ఊఁ.”

రెండు కప్పులు పెట్టుకొచ్చాడు. ఒకటి నాకిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వాడు నన్ను చూశాడు. నేను టీని చూశాను. తర్వాత ఇద్దరం, ఎవరో వచ్చి మా మాటలు అందుకుంటారేమో అన్నట్టు, వంటింటి గుమ్మం కేసి చూశాం. ఎవరూ రాలేదు.

అయ్యలారా, అమ్మలారా! టకటకలాడే కీబోర్డు వరమని నేనెందుకన్నానో ఇప్పుడైనా అర్థమైందా? ఆ చప్పుడు ఉన్నన్నాళ్ళూ మాట్లాడకపోవడానికి మా ఇద్దరికీ ఓ గౌరవమైన కారణం ఉండేది. పాతదాన్ని కిరీటి సంచీలో వేసుకుపోయాడు. మీలో ఎవరి దగ్గరైనా నీలం స్విచ్చులది మూలపడి ఉంటే దయచేసి పంపండి. గేటు దగ్గర ఈసారి అడ్డు చెప్పను.

కాస్త తొందరగా పంపండి. వాడు మళ్ళీ కుర్చీ ఇటు తిప్పుతున్నాడు.