దుప్పటి నలగని వార్డు

ఆసుపత్రి నాణ్యతకూ భద్రతకూ మొట్టమొదటి శత్రువు రోగి. తనిఖీకి ముందురోజు మేనేజరుగారు ఈ సత్యాన్ని కనుగొన్నారు. దుప్పట్లు నలిపేది రోగి. దగ్గేది రోగి. బయట అంత చోటుండగా జబ్బును పనిగట్టుకుని ఆసుపత్రికే మోసుకొచ్చేదీ రోగే.

"రేపు మధ్యాహ్నం దాకా ఒక్క రోగి కూడా కంటపడకూడదమ్మా," అన్నారు హెడ్ నర్సుతో.

సరేనంది హెడ్ నర్సు. తనిఖీలో స్టార్లు తగ్గితే ముందు ఊడేది తన ఉద్యోగమే. తెల్లవారగానే నడవగలిగినవాళ్లను ఎదురుగా ఉన్న పార్కుకు నడిపించింది. నడవలేనివాళ్లను చక్రాల కుర్చీల్లో తోయించింది. డాక్టర్లనూ వెంట పంపి, సెలైన్ సీసాలను చెట్టుకొమ్మలకు వేలాడదీయించింది. (పార్కులో భద్రత వేరే శాఖది. దాని తనిఖీ వేరు.)

మిగిలింది ఒక్క మామ్మ. విరిగిన కాలిని పైకెత్తి కట్టి, బరువు వేలాడదీశారు. కదపడానికి లేదు.

"మామ్మా, కాసేపు రోగిలా కనబడకుండా ఉంటావా?"

"మరెలా కనబడనే? పెళ్లికూతురిలాగానా?"

హెడ్ నర్సు తలగోక్కుని, ఆమె మెడలో ఒక బిళ్ల వేసింది: 'నాణ్యతా సలహాదారు'.

తనిఖీ అధికారి వచ్చారు. నలగని దుప్పట్లను చూసి మురిసిపోయారు.

"ఇవాళ ఎవరికైనా తప్పు మందు ఇచ్చారా?"

"ఇద్దామన్నా ఎవరూ లేరు సార్," అని నోరు జారింది హెడ్ నర్సు.

"అద్భుతం!" అని రాసుకుని మామ్మ వైపు తిరిగారు. "సలహాదారుగారూ, తమరి సలహా?"

"ఆ గచ్చు దగ్గర జాగ్రత్త నాయనా. మా చెల్లెల్ని చూడ్డానికొచ్చి నేనూ అక్కడే పడ్డాను."

"పరిశీలిస్తాం," అని ఆయన ఒక్క అడుగు వేశారు. పొద్దుటినుంచీ అద్దంలా తుడిచిన గచ్చు. కాళ్లు వాటి దారిన అవి పోయాయి, ఆయన తన దారిన తాను పోయారు. పటుక్కుమంది.

"కంగారు పడకండి," అన్నారు మేనేజరుగారు. "సారు గచ్చు నాణ్యతను దగ్గర్నుంచి చూస్తున్నారు."

"అమ్మో, నా కాలు!" అన్నారు అధికారి.

మామ్మ నవ్వు ఆపుకోలేక మంచం కిర్రుమనిపించింది. హెడ్ నర్సు ఆయన చంకల కింద చేతులు వేసింది.

"మంచం మీదికా? దుప్పటి నలుగుతుంది!" అని మేనేజరుగారు అడ్డుపడ్డారు.

"నలగనివ్వండి సార్!" అని కసిరి, మేనేజరుగారి చేతే కాళ్లవైపు పట్టించి అధికారిని పడుకోబెట్టింది. ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తుకే రాలేదు.

అధికారి పళ్లు బిగబట్టి, పడుకునే ఐదు స్టార్లూ వేసి సంతకం పెట్టారు. ఆ వెంటనే అంబులెన్సు పిలవమన్నారు.

"ఎందుకు సార్? డాక్టర్లు ఎదురుగా పార్కులోనే ఉన్నారు, పిలిపిస్తాను," అంది హెడ్ నర్సు.

"వద్దమ్మా. నన్ను పక్కవీధి ఆసుపత్రికి పంపించు."

"పోయినవారం తమరు ఒక్క స్టారే వేశారు, ఆ ఆసుపత్రికా సార్?"

"అదేనమ్మా," అన్నారాయన మూలుగుతూ. "అక్కడ రోగుల్ని చూస్తున్నారు."