అవతలి సిస్టంలో ఉన్న కుబ్రా

కంప్యూటర్ రీస్టార్ట్ కావడానికి పట్టే ఆ ఏడు నిమిషాలను తిట్టుకునేవాళ్లంతా కృతఘ్నులు! మానవజాతికి ఇంత మేలు చేసిన ఆలస్యం మరొకటి లేదు. నమ్మరా? అయితే శంషాబాద్ కుబ్రా సంగతి వినాల్సిందే.

కుబ్రా గగన్‌పహాడ్‌లో ఓ ఎక్స్‌పోర్ట్ ఆఫీసు ఉద్యోగి. విమానమెక్కే పూలకూ మామిడిపండ్లకూ కాగితాలు తయారుచేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుంది. ఆమె మనసేమో సర్వర్లు చూసుకునే ఉద్యోగం మీద. దానికి విండోస్ లాంటిదే మరో సిస్టం, లినక్స్‌లో పరీక్ష పాసవ్వాలి. ఉన్నది ఒక్క లాప్‌టాప్. ఎట్లా?

"వర్చువల్ మెషీన్ పెట్టుకో చెల్లె" అన్నాడు పక్క సీటు లక్ష్మణ్. "విండోస్ లోపల్నే ఇంకో కిటికీ తెరుసుకుంటది. గా కిటికీల లినక్స్. రెండూ ఒక్కసారే నడుస్తయి."

"గదొద్దు" అన్నాడు ఆమె అన్న ఫహద్. "డ్యూయల్ బూట్ జేద్దాం. డిస్క్‌ను రెండు వాటాలు చేస్తే, ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాల్నో అడుగుతది. ఒకటి నడుస్తుంటే ఇంకోటి పండుకుంటది."

వాటాలనగానే తల్లి మైమూనా గుండె గుభేలుమంది. "వాటాలు గిట్ల ఏమొద్దు! మహేశ్వరం జాగ పంచుకున్నప్పటి సంది మీ చాచా మన మొఖం చూస్తలేడు."

అలా వర్చువల్ మెషీనే వచ్చింది. ఆహా, ఏం వైభోగం! ఉన్న కాస్త మెమొరీ కోసం రెండు సిస్టంలూ కొట్టుకున్నాయి. లాప్‌టాప్ ఫ్యాన్ మోత వింటే, పైన పోయే విమానానికే అనుమానం వచ్చేది. మౌస్ కదిలిస్తే బాణం గుర్తు తుక్కుగూడ దాకా పోయి వచ్చినంత తీరిగ్గా కదిలేది. పాఠం మధ్యలో మేనేజర్ అరుణ్‌కుమార్ గారి మెసేజ్ టింగుమని ముందుకు దూకేది. సెలవైనా, పండగైనా, పెళ్లయినా ఆయనకు తేడా లేదు!

సెలవు పెట్టిన ఓ మధ్యాహ్నం కుబ్రా ఇంట్లో సర్వర్‌ను ఆపే కమాండ్ ప్రాక్టీసు చేస్తోంది. సరిగ్గా అప్పుడే ఆఫీసు గ్రూపు చాట్ తెరమీద ముందుకు దూకింది. ఆమె వేళ్లు ఆగలేదు. "షట్‌డౌన్ నౌ" అని గ్రూపులో పడింది. ఎవరు, ఎందుకు అని ఒక్కరైనా అడిగారా? ఐదు నిమిషాల్లో ఆఫీసంతా సంచులు సర్దుకుని ఇళ్లకు వెళ్లిపోయింది!

"గులాబీలమ్మా!" అన్నారు అరుణ్‌కుమార్ గారు ఫోన్‌లో, ఏడుపు గొంతుతో. "అర టన్ను గులాబీలు! విమానం వెళ్లిపోయింది!"

ఆ సాయంత్రమే ఫహద్ డిస్క్‌ను వాటాలు చేశాడు. మైమూనా పక్కనే కాపలా కూర్చుంది. ఫైళ్లన్నీ క్షేమం.

ఇగ చూడండి సుఖం! లినక్స్‌లో ఉన్నంతసేపూ ఆఫీసు లేదు. సార్ ఫోన్ చేస్తే ఒకటే జవాబు: "అవతలి సిస్టంల ఉన్న సార్. రీస్టార్ట్ కావాలె." ఆ మాట వింటే ఆయన హడలిపోయేవారు. "మెల్లగా అమ్మా, దాన్ని తొందరపెట్టకు!" మనిషికి జ్వరమంటే నమ్మని ఆఫీసు, మిషన్ రీస్టార్టంటే చేతులు కట్టుకుని నిలబడింది!

పరీక్ష ఆదివారం వచ్చింది. ఇంటినుంచే రాయాలి. కెమెరా ముందునుంచి లేస్తే రద్దు. మొదలైన పావుగంటకే తలుపు చప్పుడు. అరుణ్‌కుమార్ గారే!

"మామిడిపండ్లు ఇవాళే వెళ్లాలి. కుబ్రాను ఒక్కసారి పిలవండమ్మా."

లోపల ఆ గొంతు విన్నా కుబ్రా కెమెరా ముందునుంచి కదల్లేదు. మైమూనా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బిడ్డ అవతలి సిస్టంల ఉన్నది సార్. నడిమిట్ల లేపితే అంత ఖరాబైతదట. జర కూసోండ్రి, చాయ్ తాగుండ్రి."

గంటన్నర కూర్చున్నారాయన. మూడు చాయ్‌లు. హెడ్డాఫీసునుంచి నాలుగు ఫోన్లు. ప్రతిసారీ లేచి నిలబడి, "ఆదివారమైతే ఏం సార్, చేయిస్తాను సార్" అన్నారు.

"పాసైన అమ్మీ!" అంటూ కుబ్రా బయటికి ఉరికి, ఆయన్ని చూసి నాలుక కరుచుకుంది.

"అయితే ఇన్నాళ్లూ ఆ అవతలి సిస్టంలో చదువుకుంటున్నావా?"

"అవ్ సార్."

ఆమె గబగబా విండోస్‌లోకి వచ్చి మామిడిపండ్ల కాగితాలు పంపేసింది. అయినా ఆయన లేవలేదు. ఫోన్ మళ్లీ మోగింది. దానివంక చూస్తూ కూర్చున్నారు. మోగి మోగి ఆగింది. అప్పుడు సంచిలోంచి తన లాప్‌టాప్ తీసి కుబ్రా ముందుకు జరిపారు.

"నాకూ అట్లాగే వేసి పెట్టమ్మా."

"ఏ సిస్టం వెయ్యాలె సార్?"

"ఏదైనా సరే. హెడ్డాఫీసుకు తెలియనిదైతే చాలు."