శిఖరంగారి మోకాలు

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. గుడ్డ మీద గీసిన కొండలు ఇంకా నునుపని వాళ్ళకు తెలియదు పాపం. తెలిసిన మనిషి మన కథలో ఉన్నారు. వృత్తి ఫొటోగ్రాఫరు. వయసు యాభై. నడుము కొలత అడగకండి, ఆయన దర్జీకి కూడా సరిగ్గా చెప్పరు.

ఆయన స్టూడియోలో గోడ నిండా ఒక తెర ఉంది. దాని మీద మంచుకొండ. ఇరవై ఏళ్ళ కిందట గిరాకీ లేని ఒక మధ్యాహ్నం ఆయన ఒక పీట మీద బూడిదరంగు దుప్పటి కప్పి, దాని మీద కాలు పెట్టి, చేత్తో కర్ర పట్టుకుని, ఆ తెర ముందు తన ఫొటో తానే తీసుకున్నారు. బాగా వచ్చింది. ఫ్రేము కట్టించి గుమ్మానికి ఎదురుగా తగిలించారు.

ఫొటోలు దిగడానికి వచ్చే చర్చి పిల్లలు దాన్ని చూసి, "అంకుల్, మీరు కొండలెక్కేవారా?" అని అడిగేవాళ్ళు. ఎక్కానని ఆయన ఏనాడూ అనలేదు. "ఆ రోజులే వేరు" అని కిటికీలోంచి దూరంగా చూసేవారు, అంతే. మిగతాది వాళ్ళే పూరించుకున్నారు. అలా ఆయన చర్చి యూత్ పిల్లలందరికీ శిఖరం అంకుల్ అయ్యారు, పెద్దవాళ్ళకు శిఖరంగారు అయ్యారు.

ఈ శిఖరంగారి స్టూడియో మొదటి అంతస్తులో ఉంది. మెట్లు ఇరవై ఒకటి. పదకొండో మెట్టు దగ్గర గోడకు అంటించిన టైపు ఇన్‌స్టిట్యూట్ ప్రకటనను ఆయన రోజూ ఆగి, శ్రద్ధగా, ఆఖరి అక్షరం దాకా చదువుతారు. ఆ ఇన్‌స్టిట్యూట్ మూసేసి ఆరేళ్ళయింది.

ఇలా రోజులు హాయిగా గడుస్తుండగా ఒక ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరుగారు ప్రకటనలు చదివారు. వచ్చే శనివారం యూత్ పిల్లలు కొండెక్కబోతున్నారు. పెళ్ళయిన జంట ఎవరైనా తోడు వెళ్తేనే ఆడపిల్లల్ని పంపిస్తామని తల్లిదండ్రులు పట్టుబట్టారు. పాస్టరుగారు వెళ్దామంటే ఆ రోజు ఆయన ఒక పెళ్ళి జరిపించాలి. కొత్త జంట ఒకటి ఉంది గాని, వాళ్ళను పంపితే వాళ్ళ కాపలాకు ఇంకో జంటను పంపాలి. "అయినా మనకు శిఖరంగారు ఉండగా ఈ ఆలోచనంతా ఎందుకు?" అన్నారు పాస్టరుగారు. చర్చి మొత్తం వెనక్కి తిరిగి చూసింది.

ఆయన నోరు తెరిచేలోపు ఆడవాళ్ళ వరసలోంచి ఒక చెయ్యి లేచింది. ఎవరిదా అని చూస్తే ఆయన భార్యదే.

ఆవిడ ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. అందరూ నర్సమ్మ అంటారు. సోమవారం డ్యూటీ దిగి వస్తూ రెండు జతల కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చింది. కొత్త బూట్లు కరుస్తాయని, మెత్తబడటానికి వంటింట్లో కూడా అవే వేసుకుని తిరగసాగింది. ఆ టపటపల చప్పుడు వింటుంటే శిఖరంగారికి తన గుండె చప్పుడు విన్నట్టే ఉంది.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. మంగళవారం సాయంత్రం శిఖరంగారు ఒక జబ్బు తెచ్చుకోవాలని నిశ్చయించారు. ఆయన తెలివి ఎంతటిదంటే, లోకంలో ఉన్న ఇన్ని రోగాల్లోనూ ఏరి ఏరి మోకాలునొప్పిని పట్టుకున్నారు.

"ఏ మోకాలు?" అని అడిగింది నర్సమ్మ.

"కుడిది."

"మెట్లు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

కొండకు రెండూ ఉంటాయి కదా అని ఆయన ఆలోచించారు. "రెండింటికీ."

"కూర్చుంటే?"

"కూర్చుంటే హాయిగా ఉంటుంది."

"పడుకుంటే?"

"ఇంకా హాయిగా ఉంటుంది."

"అయ్యో పాపం" అని నర్సమ్మ లోపలికెళ్ళి కట్టు గుడ్డ తెచ్చింది. తొడ సగం నుంచి పిక్క సగం దాకా పకడ్బందీగా చుట్టింది. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని కాళ్ళకున్న బూట్లు విప్పి, తాళ్ళు లోపలికి మడిచి, డబ్బాలో పెట్టి మూత వేసింది.

"నేను యూత్‌లో ఉన్నప్పుడు కూడా ఆ కొండకే తీసుకెళ్ళారు" అంది డబ్బా వైపు చూస్తూ. "మగపిల్లలు పైకెక్కారు. మమ్మల్ని కింద నీడలో కూర్చోబెట్టి బ్యాగులు చూస్తుండమన్నారు. దిగొచ్చాక వాళ్ళు చెప్పారు, పైనుంచి నది మొత్తం కనిపిస్తుందట. ఇరవై ఆరేళ్ళుగా వాళ్ళూ వీళ్ళూ చెబితే వింటూనే ఉన్నాను."

శిఖరంగారికి కలుక్కుమంది. మోకాల్లో కాదు. కానీ జాలి వేరు, కొండ వేరు. వచ్చే ఏడాది తప్పకుండా వెళ్దామని ఊరడించారు. ఆవిడ అలాగేనని తలూపి, పాస్టరుగారికి తానే ఫోను చేసి చెబుతానంది. ఇంత సులువుగా గండం గడుస్తుందని తెలిస్తే ఆదివారమే కుంటేవాణ్ణి కదా అని ఆయన లోలోపల మురిసిపోయారు.

ఆయన ఒక్క లెక్క తప్పారు. ఆ చర్చిలో ఒకరి నొప్పి ఒకరి దగ్గరే ఉండదు. గురువారం సాయంత్రానికి పద్నాలుగు మంది యూత్ పిల్లలు వాళ్ళ ముందుగదిలో ఉన్నారు. కుర్చీలు చాలక చాప పరిచారు, చాప చాలక గడపల మీద కూర్చున్నారు. వాళ్ళకు నాయకుడు గిటారు. అంటే గిటారు వాయించే అబ్బాయి. నిద్రలో కూడా గిటారు భుజాన్నుంచి దించడని చెప్పుకుంటారు కాబట్టి అతని పేరే అలా స్థిరపడింది.

అందరికంటే వెనక, గోడ పట్టుకుని, మోకాళ్ళ పెద్దమ్మ వచ్చింది.

ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. అరవై ఏళ్ళుగా చర్చిలో ఎవరికి ఏ కష్టమొచ్చినా మోకాళ్ళ మీద పడి ప్రార్థించడమే ఆవిడ పని. అడిగింది దొరికేదాకా లేవదని పేరు. శిఖరంగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టించి, ఆవిడ మోకరించి ఆ కట్టు మీద అరచెయ్యి ఉంచింది. ప్రార్థన అరగంట సాగింది. లేని నొప్పి సంగతి దేవుడికెరుక, ఆ అరగంటలో కాలు మాత్రం నిజంగానే తిమ్మిరెక్కింది.

"ఇప్పుడెలా ఉంది నాయనా?" అని అడిగింది పెద్దమ్మ.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తగ్గిందంటే శనివారం కొండ. తగ్గలేదంటే అరవై ఏళ్ళ ప్రార్థనకు మాట తెచ్చినవారవుతారు. శిఖరంగారు మధ్యేమార్గం పట్టారు.

"పావు వంతు తగ్గిందండీ."

"అయితే మిగతా ముప్పావూ అడుగుదాం" అని పెద్దమ్మ మళ్ళీ మోకరించింది. ఆవిడ మోకాళ్ళు టక్కుమన్న శబ్దం గడప మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినిపించింది. ఇంకో ఇరవై నిమిషాలయ్యాక శిఖరంగారు సగం దాకా వచ్చారు. పెద్దమ్మ నొచ్చుకోలేదు. పైట సర్దుకుని, మూడోసారి వంగడానికి చెయ్యి నేలకు ఆనించింది.

అది చూసి ఆయన తట్టుకోలేకపోయారు. తిమ్మిరి కాలుతోనే లేచి నిలబడ్డారు. "తగ్గిపోయింది పెద్దమ్మా. మొత్తం తగ్గిపోయింది. మీరు లేవండి ముందు."

గిటారు తీగలు మీటాడు. పద్నాలుగు గొంతులు ఒక్కసారిగా స్తోత్రగీతం ఎత్తుకున్నాయి. వంటింటి గుమ్మంలో నిలబడ్డ నర్సమ్మ వెనక్కి తిరిగి, అటక మీంచి బూట్ల డబ్బా కిందికి దించింది.

శనివారం పొద్దున్నే బస్సు వాళ్ళను కొండ కింద దింపింది. దగ్గర్నుంచి చూస్తే అది కొండలాగే ఉంది. శిఖరంగారికి అక్కడే మొదటి నిరాశ.

పిల్లలు లేడిపిల్లల్లా ముందుకు ఉరికారు. పది నిమిషాలు గడిచేసరికి శిఖరంగారి ఛాతీ కొలిమితిత్తి అయింది. ఆగాలి, ఆగినట్టు కనపడకూడదు. ఆ విద్య ఆయనకు పదకొండో మెట్టు ఎప్పుడో నేర్పింది. "ఆగండర్రా, ఈ చెట్టు బెరడు చూశారా?" అన్నారు. అందరూ వెనక్కి వచ్చి బెరడు చూశారు. ఇంకో పది నిమిషాలకు చీమల బారు చూపించారు. ఆ తర్వాత ఒక మబ్బు. ఆ తర్వాత ఏ ప్రత్యేకతా లేని ఒక రాయి. ఊపిరి అందేదాకా ఆ రాయి గురించి ఆరు నిమిషాలు మాట్లాడారు.

"అంకుల్ ఎందుకు ఆపుతున్నారో గమనించారా? పరుగెత్తితే సగంలో కూలబడతాం. ఇదీ అనుభవమంటే" అన్నాడు గిటారు గంభీరంగా. నిజంగానే, మొదట్లో అందరికంటే వేగంగా ఉరికి ఆయాసపడ్డ ఇద్దరు ఆడపిల్లలు ఆ రాయి దగ్గర తేరుకుని లేచారు. నర్సమ్మ నవ్వు దాచుకోవడానికి నీళ్ళ సీసా ఎత్తి తాగింది.

సగం దూరంలో ఒక పెద్ద బండ, దాని పక్కన చక్కటి నీడ ఉన్నాయి. శిఖరంగారు అక్కడ చతికిలబడి, తన ఆఖరి పథకం బయటికి తీశారు. పైన దారి నిటారుగా ఉంది కాబట్టి బ్యాగులన్నీ ఇక్కడే వదిలెయ్యాలనీ, వాటికి తాను కాపలా ఉంటాననీ, పెద్దవాడిగా ఆమాత్రం త్యాగం చెయ్యకపోతే ఎలా అనీ అన్నారు.

నర్సమ్మ వాదించలేదు. "అయితే అందరం ఇక్కడే కూర్చుందాం. జంట తోడు ఉంటేనే పంపిస్తామని మాట తీసుకున్నారు కదా, ఒక్కదాన్నే ఆడపిల్లల్ని ఎలా తీసుకెళ్తాను?" అని బండకు ఆనుకుని కూర్చుంది.

పద్నాలుగు మంది మెల్లగా బ్యాగులు దించారు. ఎవరూ సణగలేదు. నర్సమ్మ ఒళ్ళో ఎవరిదో బ్యాగు పెట్టుకుని, గడ్డం పైకెత్తి కొండ కొస వైపు చూస్తూ ఉండిపోయింది. శిఖరంగారు ఆ మొహాన్ని చూశారు. ఇరవై ఆరేళ్ళ కిందట కూడా ఇలాగే కూర్చుని ఉంటుంది. అప్పుడు కూర్చోబెట్టింది ఎవరో. ఇప్పుడు కూర్చోబెట్టింది తాను. ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

"లే" అన్నారు ఆయన.

"ఎక్కడికి?"

"పైకి. బ్యాగుల్ని బ్యాగులే చూసుకుంటాయి."

ఆ తర్వాతి గంట గురించి ఆయన ఎవరికీ వివరంగా చెప్పరు. రెండు చోట్ల చేతులు కూడా కాళ్ళయ్యాయి. ఒక చోట గిటారు ముందునుంచి లాగితే ముగ్గురు వెనకనుంచి నెట్టారు. బెరళ్ళు, చీమలు, మబ్బులు దేని గురించీ ఆయన నోరు విప్పలేదు, విప్పేంత గాలి లేదు. కళ్ళెదురుగా ఒక్కటే కనిపిస్తోంది, టపటపమంటూ పైకి పోతున్న కాన్వాసు బూట్ల జత. చూపుతో దాన్ని పట్టుకుని ఎక్కారు.

అందరికంటే ముందు కొసకు చేరింది నర్సమ్మ. కింద నది మొత్తం ఉంది, మలుపు మలుపుకూ మెరుస్తూ. అవతల వాళ్ళ ఊరు అరచేతిలో ఇమిడేంత ఉంది. వార్డులో గట్టిగా దగ్గితే కూడా మందలించే మనిషి రెండు చేతులూ పైకెత్తి, గొంతు పగిలేలా ఒక్క కేక పెట్టింది. ఆడపిల్లలంతా పక్కన చేరి తామూ కేకలు పెట్టారు. ముప్పై ఏళ్ళుగా మొహాలు చూడటమే వృత్తిగా బతికిన శిఖరంగారు అంత సంతోషమున్న మొహాన్ని ఎన్నడూ చూడలేదు. మెడలో కెమెరా ఉంది. ఫొటో తియ్యడం మర్చిపోయారు.

పైన చిన్న ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. పాట అయ్యాక గిటారు, "ఇప్పుడు దేవుడు మోకాలు ఎలా బాగుచేశాడో అంకుల్ సాక్ష్యం చెబుతారు" అన్నాడు.

శిఖరంగారు లేచారు. అంత ఎత్తున నిలబడి, ఎదురుగా అంత ఆకాశం పెట్టుకుని, అబద్ధం నోటికి రాలేదు. "నాకు ఏ మోకాలూ నొప్పి పెట్టలేదు. ఎక్కడానికి బద్ధకం, దానికి తోడు భయం. పెద్దమ్మ చేత అబద్ధానికి ప్రార్థన చేయించాను" అన్నారు. తెరిచిన నోరు ఇక ఆగలేదు. "నేనింతవరకూ ఏ కొండా ఎక్కలేదు. స్టూడియోలో ఫొటో కూడా తెర ముందు తీసుకున్నదే."



"తెలుసు అంకుల్" అన్నాడు గిటారు. "దుప్పటి కింద పీటకాలు కనిపిస్తోంది కదా. నేను పదో తరగతి ఫొటోకు వచ్చినప్పుడే చూశాను."

"మరి ఇన్నేళ్ళూ శిఖరం అని ఎందుకు పిలిచారురా?"

"ఎప్పుడో ఒకప్పుడు ఎక్కుతారని. అయినా మోకాలు డాక్టర్లు కూడా బాగుచేస్తారు అంకుల్. మిమ్మల్ని ఇక్కడిదాకా తేవడం ఏ డాక్టరు వల్ల అవుతుంది? ఇదే అసలు సాక్ష్యం." పద్నాలుగు మందీ చప్పట్లు కొట్టారు. ఆయన ఎటు చూడాలో తెలియక నది వైపు చూశారు.

పెద్దమ్మకు ఏ మొహం పెట్టుకుని కనపడాలని భార్య దగ్గర వాపోయారు. పెద్దమ్మకు ఈ విషయం ముందే తెలుసునంది నర్సమ్మ.

"తెలుసా? ఏం చెప్పావు?"

"మా ఆయన కొండెక్కలేకపోతున్నారు, ప్రార్థన చెయ్యండి అన్నాను. చేతకాకనా, మనసు లేకనా అని అడిగింది. రెండూనన్నాను. అయితే రెండుసార్లు మోకరించాలి అంది."

"మూడోసారి కూడా చెయ్యి కింద పెట్టిందే?"

"అది ప్రార్థన కాదు లెండి" అంది నర్సమ్మ. "అది మీరు చూడాలని."

దిగుడు మొదలైంది. పిల్లలు పాడుకుంటూ ముందు పోతున్నారు. కొండెక్కిన మనిషి హోదాలో శిఖరంగారు ఛాతీ విరుచుకుని నడుస్తున్నారు. పావు దూరం దిగారో లేదో, ఎడమ మోకాల్లో సూది దిగినట్టు చురుక్కుమంది. అడుగు వేస్తే చురుక్కు. వెయ్యకపోతే ఇంకా చురుక్కు. ఇప్పుడు ఈ మాట ఏ నోటితో చెప్పడం? ఆయన పళ్ళు బిగబట్టి, తనూ ఆ పాటే పాడుతూ దిగసాగారు.

నర్సమ్మ వెనకనుంచి వచ్చి, తన చేతికర్ర ఆయన చేతిలో పెట్టి, ఎడమవైపుకు వచ్చి ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

"ఈసారి నిజంగానే" అన్నారు ఆయన నీళ్ళు నములుతూ.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఈసారి మీరు చెప్పలేదుగా" అంది నర్సమ్మ. ఆయన బరువంతా ఆ భుజం మీద మోపి, ఒక్కొక్క రాయే చూసుకుంటూ, కొండెక్కిన మనిషిలాగే కిందికి దిగారు.