ముల్లు మీద స్వామి

ఆ ఆదివారం పొద్దున్న మామిడికుదురులో భాస్కరరావు వేసుకున్న పథకం చిన్నదే. పదింటికల్లా ఆలమూరులో వియ్యంకుడు నారాయణమూర్తి ఇంటికి చేరాలి, పనసపొట్టు కూరతో భోంచెయ్యాలి, మర్యాదగా తిరిగి రావాలి. ఆ మర్యాదే ముఖ్యం. పిల్లల పెళ్ళి జరిగి మూడు నెలలే అయింది మరి.

తీరా కారు దగ్గరకొచ్చి రేడియేటర్ మూత తీస్తే నీళ్ళు మళ్ళీ అడుగంటి ఉన్నాయి. వరసగా ఇది అయిదోరోజు. కింద గచ్చు మీద మాత్రం తడి చుక్క లేదు.

"జగ్గా, నిన్న నీళ్ళు పోసేవా?"

"ఆయ్, సాయంత్రం నిండా పోసేనండి బాబుగారండీ."

"పోస్తే ఏమయినట్టు? కాకులు తాగేసేయా?"

"లోపల గాస్కెట్టు పోయిందేమోనండి. ఓసారి మెకానిక్కుకి చూపిద్దామండి."

జగ్గారావు ఎనిమిదేళ్ళుగా వాళ్ళింటి డ్రైవరు. ఒక్కనాడూ అబద్ధమాడిన పాపాన పోలేదు. కానీ భాస్కరరావు తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. నీళ్ళు పొయ్యడానికి బద్ధకించి గాస్కెట్టు మీదికి తోస్తున్నాడని తేల్చేశాడు. "పోస్తుంటే నేను చూసేనండీ," అని భార్య సూర్యకుమారి చెప్పినా వినలేదు. "నువ్వు చూసింది బకెట్టుని, నీళ్ళని కాదు," అన్నాడు.

భార్యాభర్తలు బయల్దేరి రావులపాలెం దాటేసరికి కారు వెనక తెల్లటి పొగ మొదలైంది. జొన్నాడ వంతెన మీద ఆ పొగలో దారి కనపడక, వెనకొచ్చే ఆటోలవాళ్ళు పట్టపగలే లైట్లు వేసుకున్నారు.

"ఆపుదామండి," అన్నాడు జగ్గారావు.

"వియ్యాలవారింటికి ఆలస్యంగా వెళ్తే ఏం మర్యాద? పోనీ."

సరిగ్గా నారాయణమూర్తి గుమ్మంలో కారు పొట్టిక్కలు ఉడికే కుండలా ఆవిరి కక్కి ఆగిపోయింది. ఇంటిల్లిపాదీ బయటికొచ్చారు. నారాయణమూర్తికి మండపేటలో రైసుమిల్లూ, మూడు లారీలూ ఉన్నాయి. ఇంజన్ల సంగతి ఆయనకు కొట్టిన పిండి. ఆయన నోరు విప్పకముందే భాస్కరరావు డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు.

"నీళ్ళు పొయ్యకుండానే పోసేనంటాడండి బావగారూ. ఏరా, పోసేవా? పోస్తే స్వామి మీద చెయ్యేసి చెప్పు."

స్వామి అంటే స్టీరింగుకి ఎదురుగా, మీటర్ల మధ్యన ఉన్న నరసింహస్వామి స్టిక్కరు. పోయిన నెల అంతర్వేది నుంచి తెచ్చి భాస్కరరావే స్వయంగా అంటించాడు. "అక్కడొద్దండి," అన్న జగ్గారావుని భక్తి లేనివాడని కసిరాడు కూడా.

జగ్గారావుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. కారులోకి వంగి స్టిక్కరు మీద అరచెయ్యి ఆనించాడు. "రోజూ పోసేనండి. పొయ్యకపోతే నా కళ్ళు పోవాలండి."

చెయ్యి తీసేసరికి, వేడికి జిగురు కరిగిందేమో, స్వామి అరచేతికి అంటుకుని వచ్చేశాడు. దాని కింద ఇంజను వేడి చూపించే ముల్లు బయటపడింది. అది ఎర్రగీత దాటి, ఇక పోవడానికి చోటు లేక ఆగి ఉంది.

నారాయణమూర్తి బోనెట్టెత్తి, చేతికి గుడ్డ చుట్టుకుని ఆయిలు మూత తీశాడు.

"చూడండి బావగారూ, ఆయిలు పాలు కలిసిన కాఫీలా అయిపోయింది. హెడ్ గాస్కెట్టు పోయిందండి. నీళ్ళు ఇంజనే తాగేస్తుంటే కిందెందుకు పడతాయండీ? వేడెక్కిన బండిని ఆపకుండా తోలితే ఇంతేనండి. ఇంతకీ ముల్లు కనపడకుండా మూసేసిన తెలివైనోడెవడండీ?"



"నేనేనండి," అన్నాడు జగ్గారావు, స్వామిని ఇంకా అరచేతిలోనే పట్టుకుని.

నిజం చెబితే నమ్మనివాడి పరువు కోసం, ప్రమాణం చేసిన చెయ్యి ఆరకముందే మొదటి అబద్ధం ఆడేశాడు. భాస్కరరావుకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఊరుకుంటే మర్యాద దక్కుతుంది. కానీ ఆ తరవాత పనసపొట్టు కూర గొంతు దిగదు.

"కాదండి బావగారూ," అన్నాడు చివరికి, తన చెప్పులు చూసుకుంటూ. "మూసింది నేనండి. వద్దన్నది ఇతనండి. జగ్గారావూ, తప్పు నాదయ్యా."

బాబుగారి ఇబ్బంది చూడలేక జగ్గారావే అడిగాడు. "స్వామిని ఇప్పుడెక్కడ అంటించమంటారండీ?"

"మీ బాబుగారి నోటి మీద," అంది సూర్యకుమారి.

జిగురు మిగల్లేదు గానీ, ఆ పూట అంటిస్తానన్నా భాస్కరరావు వద్దనేవాడు కాదు.