మచ్చలొక్కటే పడిన ఫొటో

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న మడుగు, ఆ మడుగుకు ఒక ఆఫీసు ఉండేవి. ఎండాకాలం వస్తే మడుగు మోకాలి లోతుకు పడిపోయేది. ఆఫీసు మాత్రం ఏ కాలంలోనూ తగ్గేది కాదు.

ఎండలు ముదిరిన మూడు నెలలూ మడుగు దగ్గర ఎవరూ ఎవరినీ తినకూడదని ఆఫీసు నియమం. దాన్ని రాసింది కార్యదర్శి నక్క. చదవకుండా సంతకం పెట్టింది అధ్యక్షుడు ఎలుగుబంటి. మొదటి వారంలోనే దాన్ని తుంగలో తొక్కింది చిరుత.

ముత్యాలు అనే చుక్కల జింకకు ఇద్దరు పిల్లలు. పెద్దదాన్ని చిరుత నీళ్ళ ఒడ్డునే నోట కరుచుకుపోయింది. ముత్యాలు ఏడుస్తూ ఆఫీసుకు పరుగెత్తింది. నక్క అంతా ఓపిగ్గా విని, ఫొటో ఏదని అడిగింది. పెద్దవాళ్ళ మీద ఫిర్యాదుకు ఫొటో జతచేయాలట. దగ్గరికెళ్ళి ఫొటో తీస్తే తననూ తినేస్తుంది కదా అని జింక అంది. అది వేరే ఫిర్యాదు అవుతుందని నక్క చెప్పింది.

"అయితే దూరం నుంచి తీసే లెన్స్ కొనండి కార్యదర్శి గారూ. నాకింకో బిడ్డ ఉంది. దానికి నీళ్ళు కావాలి," అంది ముత్యాలు.

చిరుత తినగా మిగిలింది రోజూ పొద్దున్నే నక్క ఇంటికి వస్తుందని అడవిలో తెలియనివాళ్ళు లేరు. అయినా నక్క కాదనలేదు. కాదనేవాడు ఆఫీసులో ఎక్కువకాలం నిలవడు. అది కమిటీ వేసింది.

ఎలుగుబంటి కమిటీ పెద్ద. నక్క సభ్యుడు. నెమలిని ఫొటోగ్రఫీ నిపుణుడిగా తీసుకున్నారు. టూరిస్టులందరూ దాన్నే ఫొటో తీస్తారు కాబట్టి ఫొటోల సంగతి దానికే తెలుసన్నారు.

టూరిస్టుల జీపులోంచి జారిపడిన కెమెరా ఒకటి ఆఫీసులో ఉంది గాని దానికి లెన్స్ లేదు. అందుకని కమిటీ అడవి అంచున ఉన్న కోతి దుకాణానికి వెళ్ళింది. కోతి రెండు జూమ్ లెన్సులు తీసింది. ఒకటి ఆరువందల మిల్లీమీటర్లది, రెట్టింపు దూరం అందుకునేది, కానీ ఒంటినిండా గీతలు పడిన పాత సరుకు. రెండోది మూడువందలది, కొత్తది, తళతళ మెరుస్తోంది. పాతదానికి నాలుగు తేనెపట్టులు, కొత్తదానికి ఒకటి.

కోతి వ్యాపారే అయినా నిజం దాచలేదు. కొత్తదాన్ని చివరిదాకా లాగితే బొమ్మ అలుక్కుపోతుందని, పొద్దువాలితే అసలు పనికిరాదని చెప్పింది. అడవిలో వాడాలంటే పాతదే చవక అంది. కొమ్మ మీంచి గద్ద కూడా కలగజేసుకుని, సాయంత్రం దాకా ఆగి అవతలి గట్టు మీద ఏదైనా చూసి కొనమంది.

"కళ్ళు బాగా కనిపించేవాళ్ళకు లెన్స్ గురించి ఏం తెలుస్తుంది?" అని నక్క గద్ద నోరు మూయించింది.

నెమలి పదడుగుల దూరంలో, మిట్టమధ్యాహ్నం, పురి విప్పి నిలబడి కొత్త లెన్స్‌తో ఫొటో తీయించుకుంది. ఈకలన్నీ లెక్కపెట్టేంత చక్కగా వచ్చాయి. లెన్స్ అద్భుతమని రాసిచ్చింది. మూడు పట్టులు మిగిలాయని ఎలుగుబంటి మూతి నాకుతూ సంతకం పెట్టింది. సిగ్గులేని మూక.

ఫొటో తీయడానికి కమిటీలో ఎవరికీ తీరిక దొరకలేదు. పిల్లను పొదలో దాచి ముత్యాలే వెళ్ళింది. సాయంత్రం అవతలి గట్టు మీద చిరుత అడవిపంది పిల్లను పట్టింది. ముత్యాలు లెన్స్ చివరిదాకా లాగి ఫొటో తీసింది.

మర్నాడు కమిటీ ఆ ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో గోధుమరంగు ముద్ద ఒకటి, దాని మీద మచ్చలు, అంతే.

"మచ్చలున్నవాళ్ళు ఎవరో ఉన్నారు," అంది ఎలుగుబంటి.

"ఆ వేళ మడుగు దగ్గరున్నానని ముత్యాలే ఒప్పుకుంది. దాని ఒంటి మీదా మచ్చలున్నాయి," అంది నక్క.

"జింక పందిపిల్లను తింటుందా అయ్యా?" అని అడిగింది ముత్యాలు.

ఎవరేం తింటారో తేల్చడం కమిటీ పని కాదని నక్క బదులిచ్చింది. ఆ పూటే తీర్పు రాసేశారు. చుక్కల జింకలు మడుగు ఛాయలకు రాకూడదు.

ముత్యాలు ఈసారి ఏడవలేదు. పిల్లను ముందు నడిపించుకుంటూ కొండ అవతలి వాగుకు బయలుదేరింది. దాని వెనకే మంద కదిలింది. తమ వంతు ఎప్పుడొస్తుందోనని పందులు, కుందేళ్ళు కూడా వెళ్ళిపోయాయి. రెండు రోజులు నడిచాక ముత్యాలు బిడ్డ కడుపునిండా నీళ్ళు తాగింది.

ఇక్కడ మడుగు ఖాళీ అయిపోయింది. మూడు రోజులు పస్తున్న చిరుత నాలుగోనాటి సాయంత్రం ఆఫీసు మెట్లెక్కింది. నక్క లేచి కుర్చీ వేసింది. చిరుత కుర్చీని పట్టించుకోకుండా నక్క మెడ పట్టుకుంది.

"నెమలీ, ఫొటో తియ్యి," అని నక్క గొంతు పెగల్చుకుంది.

ఆఫీసులోనే ఉన్న నెమలి అప్పటికే కెమెరాతో సహా చెట్టు చివరకు ఎగిరిపోయింది. అక్కణ్ణుంచే లెన్స్ చివరిదాకా లాగి తీసింది.

పొద్దున్నే ఎలుగుబంటి ఆ ఫొటో చూసింది. గోధుమరంగు ముద్ద, దాని మీద మచ్చలు. జింకలకు మళ్ళీ నోటీసు పంపమంది. రాయడానికి కార్యదర్శి లేదు.

నీతి: లెన్స్ ఎప్పుడూ నాసిదే కొనాలి, చిరుత ఎలాగూ ఒకరోజు స్పష్టంగా కనిపించేంత దగ్గరికి వస్తుంది.